పాత కంప్యూటర్లు కొనే మిత్రులకు హెచ్చరిక: "మన గ్రూపువాడే" అన్న మాటకి బయానా వేయకండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత కంప్యూటర్ల కోసం వెతుకుతున్న వాళ్లందరికీ, ముఖ్యంగా ఈ సరదాలోకి కొత్తగా అడుగుపెట్టిన వాళ్లకి ఈ హెచ్చరిక. 386, 486 ప్రాసెసర్లున్న పాత పీసీ సెట్లు, స్పెక్ట్రమ్, కమొడోర్ లాంటి హోమ్ కంప్యూటర్లు "రన్నింగ్ కండిషన్" అని చెప్పి, ముందే డబ్బు వేయించుకుని, చచ్చిన మదర్‌బోర్డులు అంటగడుతున్నారు. తుక్కు కొట్టులో మోసపోవడం వేరు. అక్కడ కొట్టువాడు మీకు ఎవరో తెలియని మనిషి. ఇక్కడ ముందు స్నేహం చేస్తారు, తర్వాత అమ్ముతారు.

తీరు ఇలా ఉంటుంది. ఈ సరదా ఉన్న మనలాంటి వాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరతారు. కొన్నాళ్లు ఏమీ అమ్మరు. మీరు పెట్టిన ఫొటోకి మెచ్చుకోలు, మీరు అడిగిన ప్రశ్నకి ఓపిగ్గా జవాబు, "అన్నా", "తమ్ముడూ" అని పలకరింపులు. మీకేం కావాలో, ఎంత పెట్టగలరో ఆ మాటల్లోనే రాబడతారు. ఆ తర్వాత విడిగా మెసేజ్ వస్తుంది: "అన్నా, మీరడిగిన 486 ఒకటి దొరికింది. హైదరాబాద్ వాళ్లు ఎక్కువిస్తామంటున్నారు, మనవాళ్లకే ఇద్దామని ఆపాను. సగం బయానా వేయండి, సాయంత్రం బస్సు పార్సిల్‌లో పెట్టేస్తా." వచ్చి చూస్తామంటే ఊళ్లో లేనంటారు. ఆన్ చేసి చూపించమంటే "మన మధ్య నమ్మకం లేదా అన్నా" అని నొచ్చుకుంటారు.

ఆ మాట వినపడగానే బేరం ఆపేయండి. ఈ సరదాలో నిజంగా మునిగినవాళ్లు ఎవరూ మెషీన్ ఆన్ చేసి చూపించమంటే నొచ్చుకోరు. వద్దన్నా చూపిస్తారు.

ఫొటోలకి విలువ లేదు. స్క్రీన్ మీద డాస్ (ఆ కాలపు పీసీల ఆపరేటింగ్ సిస్టమ్) ప్రాంప్ట్ కనిపిస్తే ఆ ప్రాంప్ట్ ఆ పెట్టెలోంచే వస్తోందని ఎవరు చెప్పాలి? వీడియో కాల్ అడగండి. మూత తీసి బోర్డు కనిపించేలా పెట్టాలి. మానిటర్ కేబుల్ క్యాబినెట్ వెనక ఏ కార్డుకి తగిలిందో వేలితో చూపించాలి. అప్పుడు స్విచ్ వేయాలి. బీప్, మెమరీ లెక్క, ఫ్లాపీ లైటు వెలగడం, తర్వాత ఫ్లాపీ పెట్టి అందులో ఏముందో చూపించే డీఐఆర్ కమాండ్ కొట్టడం, అంతా ఒకే కాల్‌లో ఆపకుండా జరగాలి. పావుగంట ఆన్‌లో ఉంచమనండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే లేచి, వేడెక్కాక ఆగిపోయే బోర్డులు చాలా ఉంటాయి.

ఇక అసలు జబ్బు. 386, 486 బోర్డులని ఎక్కువగా చంపేది గడియారం కోసం పెట్టిన బ్యాటరీ. కీబోర్డ్ సాకెట్ పక్కన పీపాలా పడుకుని ఉండే 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ అది. ఏళ్ల తరబడి వాడకుండా పెడితే కారుతుంది. లోపలిది పొటాషియం హైడ్రాక్సైడ్, గాఢమైన క్షారం. రాగి ట్రాకుల వెంట పాకి, పైనున్న పచ్చ పూత కిందికి దూరి, రాగిని తినేస్తుంది. అమ్మేవాళ్లు చేసే పని బ్యాటరీ కత్తిరించేసి, థిన్నర్‌తో తుడిచి ఫొటో తీయడం. అందుకని "బ్యాటరీ తీసేశాం, బోర్డు క్లీన్" అన్న మాట విని ధీమా పడకండి.

బోర్డు చేతికిచ్చాక ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. కీబోర్డ్ సాకెట్ టంకం చుక్కలు మెరుస్తున్నాయా, బూడిద రంగుకి తిరిగాయా? 40 కాళ్ల కీబోర్డ్ కంట్రోలర్ చిప్పు సాధారణంగా ఆ దగ్గర్లోనే సాకెట్‌లో ఉంటుంది. దాన్ని మెల్లగా పైకి లేపి సాకెట్ లోపల పచ్చటి పొడి ఉందేమో చూడండి. బ్యాటరీకి దగ్గరున్న ఐఎస్ఏ స్లాటు (కార్డులు గుచ్చే పొడుగాటి సాకెట్) చివర్లు చూడండి. ట్రాకు నల్లబడినట్టుంటే టూత్‌పిక్‌తో తాకండి. పొరలా లేచిందంటే అక్కడ తెగినట్టే. ఏఎంఐ కంపెనీ బయాస్ (ఆన్ చేయగానే మెషీన్‌ని లేపే ప్రోగ్రాం) ఉన్న బోర్డు 6 బీప్‌లు కొడితే కీబోర్డ్ కంట్రోలర్, దాని చేతిలో ఉండే గేట్ ఏ20 అనే మెమరీ లైను దగ్గర తేడా ఉందని అర్థం. బ్యాటరీ కారిన బోర్డుల్లో మొదట అనుమానించాల్సిన చోటూ అదే. ఏ బీప్ లేకపోతే ఐఎస్ఏ స్లాటులో పోస్ట్ కార్డు (మెషీన్ లేవడం ఎంతవరకు వచ్చిందో అంకెల్లో చూపించే పరీక్ష కార్డు) పెట్టి చూడండి. అంకెలు అసలు కదలకపోతే బయాస్ ప్రోగ్రాం నడవడం మొదలే కావడం లేదన్నమాట.

కారడం కొద్దిగానే ఉంటే బోర్డు బాగవుతుంది. వంటింట్లో వాడే తెల్ల వెనిగర్‌తో ఇయర్‌బడ్ తడిపి రుద్దాలి, తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఒక రోజంతా ఆరనివ్వాలి. కారిన బ్యాటరీకి బదులుగా సీఆర్2032 బిళ్ల బ్యాటరీ పెడుతుంటే మధ్యలో 1ఎన్4148 డయోడ్ తప్పనిసరి. అది లేకపోతే బోర్డు ఆ బిళ్లను ఛార్జ్ చేయబోతుంది, బిళ్ల ఉబ్బుతుంది. బ్యాటరీ బదులు డాలస్ గడియారం చిప్పు ఉన్న బోర్డులకి ఈ బాధ లేదు. చిప్పు లోపలి సెల్ అయిపోయి సీమాస్ ఎర్రర్ (సెట్టింగులు మరిచిపోయానని) చూపిస్తుందంతే, దాన్ని మార్చుకోవచ్చు. అలాంటి బోర్డుని భయపడి వదులుకోకండి, ధర తగ్గించమని అడగండి.

సాకెట్లు ఖాళీగా ఉన్నాయేమో కూడా చూడండి. సెరామిక్ ప్రాసెసర్లలో బంగారం ఉంటుందని పీకి విడిగా కాటాకి వేస్తారు, మిగిలిన బోర్డు మనకి వస్తుంది. 1990ల మధ్యలో వచ్చిన కొన్ని 486 బోర్డుల్లో క్యాష్ (ప్రాసెసర్ వేగం కోసం పెట్టే చిన్న మెమరీ) చిప్పులే ఉత్తివి. పైన అక్షరాలు ముద్రించిన ప్లాస్టిక్ ముక్కలు, లోపల ఏమీ ఉండదు. బయాస్ మాత్రం 256 కేబీ క్యాష్ ఉందని చూపిస్తుంది. క్యాష్‌చెక్ అనే చిన్న డాస్ ప్రోగ్రాం ఫ్లాపీలో పెట్టుకెళ్లి నడిపితే తేలిపోతుంది. పాత డీటీపీ సెంటర్ల సెట్లయితే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన జిస్ట్ కార్డు ఉందని ధర పెంచుతారు. డాస్ రోజుల్లో స్క్రీన్ మీద తెలుగు చూపించిన కార్డు అది, దొరికితే నిజంగా అపురూపమే. కానీ దాంతో వచ్చిన ఫ్లాపీ కూడా ఉందా, తెలుగు అక్షరం స్క్రీన్ మీద పడుతోందా అన్నది చూశాకే డబ్బు మాట.

విజయవాడలో కొనేవాళ్లు ఇంకోటి గమనించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇళ్లల్లో, కొట్లల్లో కింద పెట్టిన సామానంతా నానింది. నష్టపోయినవాళ్లు ఆ సామాను ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముకుంటే అందులో తప్పేం లేదు. కడిగి, పెయింటు కొట్టి, "ఆఫీసులో ఏసీ గదిలో వాడింది" అని చెప్పేవాళ్లతోనే చిక్కు. క్యాబినెట్ లోపలి గోడ మీద అడ్డంగా గీతలాంటి మరక, ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) ఫ్యాన్ రెక్కల వెనక ఎండిన ఒండ్రు, ట్రాన్స్‌ఫార్మర్ రేకుల మీద తుప్పు, ఫ్లాపీ డ్రైవ్ హెడ్ జారే కడ్డీల మీద గోధుమ రంగు: వీటిలో ఏది కనిపించినా నీళ్లు తాగిన సెట్టని అనుమానించండి. దాని ఎస్ఎంపీఎస్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ప్లగ్గులో పెట్టకండి. వేరేది తగిలించుకోండి.

పవర్ దగ్గర పొరపాటు జరిగితే బాగున్న మెషీన్ కూడా మీ చేతుల్లోనే పోతుంది, "మీరే కాల్చారు" అని అమ్మినవాడు తప్పుకుంటాడు. ఏటీ (ఆ కాలపు పీసీల రకం) ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకి వచ్చే పీ8, పీ9 కనెక్టర్లు పక్కపక్కన పెట్టినప్పుడు నల్ల వైర్లు నాలుగూ మధ్యలో కలవాలి. ఏటీ క్యాబినెట్ ముందు బటన్ దాకా 230 వోల్టులు నేరుగా వస్తాయి, ఆ వైర్ల తొడుగు చిట్లి ఉంటే ముట్టుకోకండి. స్పెక్ట్రమ్‌కి 9 వోల్టుల అడాప్టర్ కావాలి, అందులో మధ్య పిన్ నెగెటివ్. బజార్లో దొరికే మామూలు అడాప్టర్లకి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. కమొడోర్ 64 అసలు అడాప్టర్ పాతబడితే 5 వోల్టుల లైను వోల్టేజి పైకి పోయి ర్యామ్ చిప్పుల్ని కాల్చేస్తుంది. తగిలించే ముందు మల్టీమీటర్‌తో కొలవండి, 5.25 దాటితే పక్కన పెట్టేయండి. 1984లో మొదలైన క్లాస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ విద్యా పథకంలో స్కూళ్లకి వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఎక్కడైనా తగిలితే, ఆన్ చేయకముందే ఎస్ఎంపీఎస్‌లోని పాత రీఫా కంపెనీ కెపాసిటర్లు మార్చాలి. తొడుగు చిట్లి తేమ పీల్చుకుని ఉంటాయి, కరెంటు తగలగానే పొగ కక్కుతాయి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన సెట్టయితే వెనక లేబుల్ చదవండి. 115 వోల్టులదైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు.

కొత్తవాళ్లు ఈ మోసానికి ఎందుకు దొరుకుతున్నారో కూడా చెప్పాలి. మెషీన్ లేకపోతే గ్రూపులో తమకి చోటు లేదనుకుంటున్నారు. అది పూర్తిగా తప్పు. ఏమీ కొనకుండా రండి. ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో బల్ల మీద బోర్డులు విప్పి కూర్చుంటారు, ఒకరికి టంకం పట్టుకునే చెయ్యి కావాలి, ఇంకొకరికి టార్చి పట్టేవాళ్లు కావాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రాం) నడుపుతున్నవాళ్లు కూడా మనవాళ్లే. చాలామందికి ముందు పరిచయం, ఆ తర్వాతే మెషీన్ దొరికింది. అసలైన సభ్యుడెవరో తెలుసుకోవడానికి మాకు తెలిసిన గుర్తు ఒకటే: తన పోస్ట్ కార్డు, తన ఎస్ఎంపీఎస్, తన వీజీఏ మానిటర్ మీ బోర్డు కోసం అరువిస్తాడు, డబ్బు మాట ఎత్తడు.

అందుకని కొనే ముందు గ్రూపులో బాహాటంగా అడగండి: ఫలానా సెట్టు చూడ్డానికి వెళ్తున్నాను, తోడెవరైనా వస్తారా అని. గుంటూరు బ్రాడీపేటలో ఉన్నవాళ్లు విజయవాడ రాలేకపోతే గవర్నర్‌పేటలో ఉన్నవాళ్లు వెళ్లి చూసిపెట్టొచ్చు. అమ్మేవాడు "గ్రూపులో చెప్పొద్దు, వేరేవాళ్లు పోటీకొస్తారు" అంటే అది రెండో ప్రమాద ఘంట. అందరం కలిసి విడిభాగాలు తెప్పించుకునేటప్పుడు కూడా డబ్బు ఒకరి ఖాతాలో పోగుచేయకండి. తెచ్చేవాళ్లు బిల్లు గ్రూపులో పెట్టాక, వస్తువు చేతికొచ్చాక ఇవ్వండి. "డబ్బు తిరిగిస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే కొట్టొద్దు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఇప్పటికే వేసేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పండి. యూపీఐ లావాదేవీ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు, పార్సిల్ రసీదు, పెట్టె విప్పుతున్న వీడియో దగ్గర పెట్టుకోండి. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. ఆ తర్వాత గ్రూపులో రాయండి. మోసపోయిన చాలామంది సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా గ్రూపులోంచి వెళ్లిపోతున్నారు. పోయిన డబ్బు కన్నా మాకు అదే ఎక్కువ బాధ. ఎవరూ నవ్వరు, ఎవరూ "ముందే చెప్పాం కదా" అనరు. మీరు రాస్తే అదే మనిషి దగ్గర కొనబోతున్న ఇంకొకరు ఆగుతారు.

ఆ చచ్చిన బోర్డుని కూడా పారేయకండి, ఆదివారం పట్టుకురండి. బయాస్ చిప్పు, ర్యామ్, కీబోర్డ్ కంట్రోలర్, క్రిస్టల్ బాగుంటే ఇంకో బోర్డు బతుకుతుంది. చిప్పులు పీకే ముందు ఒకటో కాలు ఎటువైపుందో ఫొటో తీసుకోండి. బయాస్ చిప్పు మీద చిన్న గాజు కిటికీని మూసిన స్టిక్కర్ మాత్రం ఊడదీయకండి. ఎండ తగిలిన కొద్దీ లోపలి ప్రోగ్రాం చెరిగిపోతుంది.