గురుత్వాకర్షణ తలకెక్కాలంటే: దుప్పటి మేలా, అయస్కాంతం మేలా?

శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు నెల్లూరులో మేడలెక్కి చూసేవాళ్లకు కొదవుండదు. అట్టా ఎక్కినప్పుడే ఇంటర్ రెండో ఏడు చదివే మా అక్క కూతురు అడిగింది: "మామా, భూమి తిరుగుతా తిరుగుతా చుట్టూ ఉన్న చోటును కూడా లాగుతుందంటనే, ఎట్టా?"

అందరూ చెప్పేది దుప్పటి కథ: దుప్పటిని చోటు అనుకోవాలి, గుండును భూమి అనుకోవాలి. నలుగురు నాలుగు కొసలు బిగబట్టి లాగి, మధ్యలో ఇనప గుండు పెడితే గుంట పడుద్ది, వదిలిన గోలీ అందులోకి జారుద్ది. చూసేందుకు బానే ఉంటుంది. కానీ గోలీ జారేదీ భూమి ఆకర్షణ వల్లే గదా! పైగా గుండును ఉన్నచోటే తిప్పితే గుంటలో ఏ మార్పూ కనపడదు. పిల్ల అడిగిందేమో సరిగ్గా ఆ తిరగడం గురించే.

అందుకని అయస్కాంతం పట్టుకున్నా. ఛార్జీల మధ్య బలం చెప్పే కూలుంబ్ సూత్రం, ద్రవ్యరాశుల మధ్య ఆకర్షణ చెప్పే న్యూటన్ సూత్రం రెండూ దూరం వర్గానికి విలోమమే. ఛార్జీ కదిలితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. మరి ద్రవ్యరాశి కదిలితే? 1893లోనే ఇంగ్లండు శాస్త్రవేత్త హెవిసైడ్ ఈ పోలిక రాశాడు. ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాలు బలహీన క్షేత్రంలో దాదాపు ఆ రూపానికే దిగొస్తాయి. 1918లో లెన్స్, థిరింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టిన ప్రకారం తిరిగే భూమి ఓ కడ్డీ అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ధ్రువం పైన గైరోస్కోప్ (బొంగరంలా గిర్రున తిరుగుతా అక్షాన్ని ఒకే దిక్కుకు నిలిపే పరికరం) అక్షం భూమి తిరిగే వైపే తిరుగుద్ది. భూమధ్యరేఖ పైన అంతే దూరంలో సగం వేగంతో ఎదురు తిరుగుద్ది. కడ్డీ అయస్కాంతం గీతలు గీసినవాళ్లకు ఇది వింతే కాదు. గరిటెతో పులుసు తిప్పినట్టు చోటంతా భూమి వైపే తిరుగుద్దని చెప్పేవాళ్లకే ఇక్కడ చిక్కు. (మన చేపల పులుసులో గరిటె పెట్టరు, ముక్క చెదురుద్దని సట్టినే తిప్పుతారు. అది వేరే సంగతి.)

2004లో గ్రావిటీ ప్రోబ్ బి ఉపగ్రహం నాలుగు గైరోస్కోపులతో 642 కిలోమీటర్ల ఎత్తుకెళ్లింది. భూమి తిరగడం వల్ల వాటి అక్షం ఎంత తిరిగిందో 2011లో తేలిన లెక్క ఏడాదికి 37.2 మిల్లీ ఆర్క్‌సెకన్లు, 7.2 అటూ ఇటూగా (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు). సిద్ధాంతం చెప్పింది 39.2.

అయస్కాంతానికీ లోట్లున్నాయి. సాటి ఛార్జీలు తోసుకుంటాయి, ద్రవ్యరాశులు లాక్కుంటాయి, కాబట్టి గుర్తు తిరగేయాలి. బ్లాక్‌హోల్ దగ్గర ఈ పోలిక నిలవదు. సూర్యుణ్ణి రాసుకుపోయే కాంతి వంపు న్యూటన్ లెక్కన 0.87 ఆర్క్‌సెకన్లే, అసలు 1.75. ఆ మిగతా సగం స్థలం వంపుది. అక్కడ దుప్పటే కొంత నయం.

ఇంటర్ పిల్లలకు మాత్రం నా ఓటు అయస్కాంతానికే. సమీకరణాల్లో అదనంగా ఓ 4 కూడా వచ్చి కూర్చుంటుంది. అదెక్కడిదని ఆమె అడక్కముందే మేడ దిగేశా.