ఇంజిన్ ఆగిపోతోందా: ఫిల్టర్ మూసుకుందా, గాలి చేరిందా?

తెరచాప పడవలో డీజిల్ ఇంజిన్ ఉన్నట్టుండి ఆగితే ముందు అనుమానించాల్సినవి రెండు: మూసుకుపోయిన ఫిల్టర్, ఇంధనంలో చేరిన గాలి.

ఫిల్టర్ మూసుకుంటే ఐడిల్‌లో (థ్రాటిల్ ఇవ్వకుండా ఊరికే నడిచేటప్పుడు) బాగానే నడుస్తుంది, థ్రాటిల్ పెంచితే వేగం మెల్లగా జారిపోతుంది. అలలకు పడవ ఊగి ట్యాంకు అడుగున ఉన్న మడ్డి కదిలాక ఇది ఎక్కువ. గాలి చేరితే ఐడిల్‌లోనే వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ప్రైమరీ ఫిల్టర్ (ట్యాంకు నుంచి వచ్చే డీజిల్‌ను ముందుగా వడకట్టేది) దాటాక పారదర్శక గొట్టం ముక్క పెడితే బుడగలు కనిపిస్తాయి.

ఫిల్టర్ పని తేలిక: 10 లేదా 30 మైక్రాన్ ఎలిమెంట్ (లోపలి వడపోత భాగం) మార్చి, ఫిల్టర్ కింది గిన్నెలోని నీరు వదిలేస్తే చాలు. గాలితోనే అసలు తంటా. ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే లిఫ్ట్ పంపుకు ముందున్న లీకు చాలాసార్లు డీజిల్‌ను బయటికి కార్చదు, గాలిని లోపలికి పీలుస్తుంది. అందుకే కంటికి ఆనదు. ఓ-రింగులు, గొట్టాల క్లిప్పులు ఒక్కొక్కటే చూడాలి. ఆపైన సెకండరీ (రెండో) ఫిల్టర్ మీద గాలిని వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా లిఫ్ట్ పంపు మీట ఆడించాలి. మీటలో పట్టు లేకపోతే పంపును నడిపే కామ్ ఎత్తు మీద ఆగిందన్నమాట; ఇంజిన్‌ను ఒక చుట్టు తిప్పండి.

స్టార్టర్‌ను ఎక్కువసేపు తిప్పాల్సివస్తే ఇంజిన్‌ను చల్లబరిచే సముద్రపు నీటి వాల్వు తప్పక మూయండి. లేకపోతే సైలెన్సర్ నిండి నీరు సిలిండర్లలోకి వెళ్తుంది. ఇంజిన్ అందుకోగానే తెరవాలి, ఆలస్యమైతే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) పాడవుతుంది.