ష్రెక్, టూత్‌లెస్, హౌల్: ఏళ్ల తరబడి చూస్తున్నవాడి రివ్యూ

సినిమా రిలీజైన రోజు రాసే రివ్యూ వేరు. అదే సినిమా ఇంట్లో పిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా పెట్టిందే పెడుతుంటే, పక్క గదిలో కూర్చుని కూడా ఏ సీన్ నడుస్తోందో చెప్పగలిగే స్థితికి వచ్చాక రాసేది వేరు. ఇది రెండో రకం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. గోదావరికి వరదొచ్చి కాజ్‌వేలు మునిగాయంటే బడికి సెలవే, ఇంక చెల్లెలి పిల్లలూ పక్కింటి పిల్లలూ అంతా మా హాల్లోనే. కరెంటుంటే టీవీ, పోతే ఇన్వర్టర్ మీద లాప్‌టాప్. అలా అరిగిపోయేలా ఆడినవి మూడు, మూడూ పుస్తకాల్లోంచి వచ్చినవే. పుస్తకం చదివి సినిమా చూసి "అబ్బే, అలా లేదు" అని పెదవి విరిచేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇన్నేళ్లు చూశాక నాకు మాత్రం తేలింది ఒకటే, మొహమాటం లేకుండా కథను మార్చేసినవే ఇప్పటికీ బోరు కొట్టకుండా ఉన్నాయి.

ష్రెక్ (2001) సంగతే చూడండి. విలియం స్టైగ్ 1990లో వేసిన బొమ్మల పుస్తకం దీనికి మూలం, కాఫీ తాగేలోపు అయిపోతుంది. అమ్మానాన్నలు తన్ని తరిమేస్తే లోకం మీద పడ్డ ఒక వికారమైనవాడు, తనకు తగ్గ వికారమైన రాకుమారిని వెతుక్కుని పెళ్లాడతాడు, అంతే కథ. ఫార్క్వాడ్ అనే పొట్టి దొర, వాడు తరిమేసిన జానపద కథల పాత్రలన్నీ వచ్చి ష్రెక్ చిత్తడి నేలలో తిష్ట వేయడం, ఇదంతా సినిమావాళ్లు కల్పించిందే. ఫార్క్వాడ్ అల్లం బిస్కెట్ మనిషిని విచారించే సీన్ ఉంది కదా, వాడు గంభీరంగా నడుచుకుంటూ వస్తాడు, తీరా చూస్తే బల్ల వాడికంటే ఎత్తు, గొంతు సవరించుకుంటాడు, బల్ల కిందకి దిగుతుంది. ఆ ఇంగ్లీషు పిల్లల కథలు, పాటలు మా పిల్లలకి ఒక్కటీ తెలియవు, అయినా ఆ బల్ల దిగిందంటే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా నవ్వుతారు. పొట్టివాడు అంత ఎత్తు కోట ఎందుకు కట్టుకున్నాడన్న జోకు మాత్రం మావాళ్లకి పెద్దయ్యాక గానీ అందలేదు. ష్రెక్ గొంతు మైక్ మయర్స్‌ది. ఒకసారి చెప్పేసి, నచ్చక, మళ్లీ స్కాటిష్ యాసలో మొదటినుంచీ చెప్పాడట, ఖర్చయితే అయింది గానీ పాత్రకి ప్రాణం అక్కడే వచ్చింది. యానిమేషన్ సినిమాలకి ఆస్కార్ విడిగా ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాది ఆ అవార్డు దీనికే వచ్చింది. ఇప్పుడు చూస్తే మనుషుల ముఖాలు ప్లాస్టిక్ బొమ్మల్లా ఉన్నాయి, అది ఒప్పుకోవాల్సిందే. రెండో భాగం (2004) బాగుంటుంది, మూడోది పెడితే మా ఇంట్లో పిల్లలు ఫోన్లు తీస్తారు.

హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్ (2010) నా ఫేవరెట్, కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను. క్రెసిడా కోవెల్ పుస్తకంలో టూత్‌లెస్ చేతిలో పట్టేంత చిన్న డ్రాగన్, పైగా మొండిఘటం. వైకింగులకి, అంటే పాతకాలం ఉత్తర ఐరోపా సముద్ర యోధులకి, అందులో డ్రాగన్లు పెంపుడు జంతువులే. సినిమాలో మొత్తం తిరగేశారు, డ్రాగన్లు బద్ధశత్రువులు, టూత్‌లెస్ నల్లగా, పెద్దగా, ఎవరూ ఎప్పుడూ కంటితో చూడని జాతి. ఈ మార్పు లేకపోతే ఇసుక సీన్ ఉండేదే కాదు. హీరో హికప్ అనే వైకింగు కుర్రాడు పుల్లతో ఇసుకలో డ్రాగన్ బొమ్మ గీస్తుంటాడు, అది చూసి టూత్‌లెస్ ఏకంగా చెట్టు కొమ్మే విరుచుకొచ్చి అటూ ఇటూ ఈడ్చి పిచ్చి గీతలు గీస్తుంది. వీడు గీత తొక్కితే గుర్రుమంటుంది, కాలు తీస్తే ఊరుకుంటుంది. తొక్కకుండా గీతల మధ్య అడుగులు వేసుకుంటూ గిరగిరా తిరిగి, చివరికి దాని ముక్కు ముందే తేలతాడు. చెయ్యి చాచి మొహం పక్కకి తిప్పేసుకుంటాడు, నిర్ణయం దానికే వదిలేసినట్టు. డైలాగు లేదు, జాన్ పావెల్ సంగీతం ఒక్కటే. ఎప్పుడు చూసినా ఆ చెయ్యి చాచే చోట మా హాల్లో అల్లరి దానంతటదే తగ్గిపోతుంది. ఇంకోటి, టూత్‌లెస్ తోక రెక్క ఒకటి పోవడానికి కారణం హికప్పే, చివర్లో హికప్ కాలు పోతుంది. పిల్లల సినిమాలో హీరో కాలు తీసేయడానికి ఎంత ధైర్యం కావాలి!

హౌల్స్ మూవింగ్ కాజిల్ (2004) కథ వేరు. దీనికి మా ఇంట్లో అసలు అభిమాని అమ్మమ్మ. డయానా విన్ జోన్స్ 1986లో రాసిన నవలని జపాన్ దర్శకుడు మియజాకి తీసుకుని, మాంత్రికుడు హౌల్‌ది బ్రిటన్‌లోని వేల్స్ అన్న ముక్క తీసేసి, కథలోకి ఒక యుద్ధం తెచ్చిపెట్టాడు. అమ్మమ్మకి ఇవేమీ అక్కర్లేదు, ఆవిడకి కాల్సిఫర్ కావాలి, పొయ్యిలో ఉండే ఆ నిప్పు భూతం. వంట చేయనివ్వనని అది మొండికేస్తే, శాపం తగిలి ముసలిదైపోయిన సోఫీ అనే అమ్మాయి నీళ్లు పోస్తానని బెదిరించి దాని నెత్తిన పెనం పెడుతుంది. తర్వాత హౌల్ వచ్చి గుడ్లు కొట్టి పెంకులు దాని నోట్లోకే విసిరేస్తుంటే అది కరకరా నమిలేస్తుంది. ఇన్నేళ్లు కట్టెల పొయ్యి ఊదిన మా అమ్మమ్మ, "నా పొయ్యీ ఇంతేరా, బెదిరిస్తే గానీ అంటుకునేది కాదు" అంది. సోఫీ నిద్రపోతే వయసులోకి వచ్చేయడం, తనని తాను తక్కువ చేసుకోగానే మళ్లీ ముసలిదైపోవడం ఒకటికి రెండుసార్లు చూస్తేనే తెలుస్తుంది. ఆఖరి అరగంట మాత్రం గందరగోళం, యుద్ధం ఎందుకు మొదలైందో ఎందుకు ఆగిందో నాకిప్పటికీ సంతృప్తి కలగలేదు.

మార్చడమంటే సాగదీయడం కాదు లెండి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో టామ్ బొంబాడిల్ అనే పుస్తకంలోని పాత్రని పూర్తిగా ఎత్తేశారు, సినిమాకి వచ్చిన నష్టమేమీ లేదు. అదే దర్శకుడు చిన్న హాబిట్ పుస్తకాన్ని మూడు సినిమాలు చేశాడు, మా ఇంట్లో మూడోది ఎవరూ పూర్తిగా చూడలేదు. మన పాతాళభైరవి (1951) ఈ విషయంలో ఎప్పుడో పాఠం చెప్పింది. కాశీ మజిలీ కథల్లోంచి కాస్త, అల్లావుద్దీన్ కథలోంచి కాస్త తీసుకుని పింగళి, కె.వి.రెడ్డి తమకి కావలసినట్టు అల్లుకున్నారు. ఎస్.వి.రంగారావు మాంత్రికుణ్ణి చూసి మా పిల్లలు ఇప్పటికీ భయపడుతూనే నవ్వుతారు.

కొత్తగా చూసేవాళ్లకి రెండు మాటలు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే, తెలుగు ఆడియో ఉన్నచోట అదే పెట్టండి. 2019 లయన్ కింగ్‌లో అడవిపంది పుంబాకి బ్రహ్మానందం, దాని బుల్లి నేస్తం టిమోన్‌కి అలీ గొంతులిచ్చారు. సింహాలు ఏమన్నాయో మావాళ్లకి గుర్తులేదు గానీ ఆ ఇద్దరి మాటలు మా ఇంట్లో ఇంకా తిరుగుతున్నాయి. డ్రాగన్‌ని 2025లో అసలు మనుషులతో మళ్లీ తీశారు, అదే దర్శకుల్లో ఒకరు, డీన్ డెబ్లోయిస్. బాగానే తీశాడు, కానీ పాత సీన్లే వరసగా వస్తుంటే ఈ మాత్రానికి పాతదే చూడొచ్చుగా అనిపించింది. పాతది చూశాక రెండో భాగం (2014) పెట్టేముందు చిన్నపిల్లలకి కాస్త చెప్పి పెట్టండి, అందులో ఒక చావుంది. మా మేనల్లుడు ఇప్పుడు కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సెలవులకి వచ్చినప్పుడు ఆ సినిమా పెడితే సరిగ్గా ఆ సీన్‌కి మంచినీళ్లు కావాలంటూ వంటింట్లోకి వెళ్లిపోతాడు.