కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం: కిట్ లెన్స్ తరువాత కొనదగినదే

డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకోగల కెమెరా) కొన్న ఔత్సాహికులు దానితో పాటు వచ్చే కిట్ లెన్స్ తరువాత ఏది తీసుకోవాలని అడిగితే, అనుభవజ్ఞులు ఎక్కువగా సూచించేది 2015లో వచ్చిన ఈ లెన్స్‌నే. ఆ సలహా నాకూ సమంజసంగానే తోస్తుంది. లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో ఎఫ్ సంఖ్య చెబుతుంది; సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. 18-55 కిట్ లెన్స్ 55 ఎంఎం వద్ద సాధారణంగా ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు కాబట్టి, ఎఫ్/1.8 వద్ద దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. మసక వెలుగున్న పెళ్లి మండపంలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 అవసరమైన చోట 400తో సరిపెట్టుకోవచ్చు.

అయితే అభిప్రాయం కోరుతూ విమర్శకు వచ్చే పోర్ట్రెయిట్లలో (వ్యక్తుల ముఖచిత్రాలలో) తరచుగా కనిపించే లోపం, ఒక కన్ను స్పష్టంగా ఉండి రెండవది మసకబారడం, ఈ ఎఫ్/1.8 మోజు వల్లనే కలుగుతుంది; అంత తెరిస్తే స్పష్టంగా కనిపించే లోతు చాలా తగ్గిపోతుంది. దగ్గరి నుంచి తీసే ముఖానికి ఎఫ్/2.8 వాడి, ఫోకస్ బిందువును కెమెరాకు దగ్గరగా ఉన్న కంటిపై ఉంచడం మేలు. పదును కూడా ఎఫ్/2.8 వద్ద గణనీయంగా పెరుగుతుంది.

పాత మోడల్‌లోని ప్లాస్టిక్ మౌంట్‌కు (కెమెరాకు బిగించే భాగానికి) బదులు లోహపు మౌంట్, రంధ్రాన్ని తెరిచి మూసే బ్లేడ్లు ఐదింటికి బదులు ఏడు ఉన్నాయి. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాపై ఇది 80 ఎంఎం లెన్స్‌లా ఇరుకైన దృశ్యాన్నే చూపుతుంది కనుక ఇరుకు గదిలో బృంద చిత్రాలకు పనికిరాదు. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే సౌకర్యం) లేదు గనుక షట్టర్ వేగం 1/125 సెకను కంటే తగ్గకుండా చూసుకోవాలి. కెనాన్ కొత్త ఆర్‌ఎఫ్ మౌంట్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకు దీన్ని బిగించాలంటే అడాప్టర్ కావాలి. ఆ కెమెరాలు ఉన్నవారు నేరుగా ఆర్‌ఎఫ్ 50 ఎంఎం తీసుకోవచ్చు.