‘వూ యెన్’ ముందా, ఎడమకంటి దయ్యాలు ముందా?

హాంకాంగ్‌వాళ్లు మాట్లాడే కాంటనీస్‌లో సరదాగా సాగే ఫ్యాంటసీ ప్రేమకథ ఏదైనా చెప్పమంటే హాంకాంగ్ సినిమా తెలిసినవాళ్లు ఎక్కువగా రెండు పేర్లు చెబుతారు: 2001లో వచ్చిన ‘వూ యెన్’, 2002లో వచ్చిన ‘మై లెఫ్ట్ ఐ సీస్ గోస్ట్స్’. రెండింటికీ దర్శకులు జానీ టో, వాయ్ కా-ఫాయ్ జంటే. నాయిక కూడా సామీ చెంగే. ఏది ముందు చూడాలన్న దగ్గర మాత్రం ప్రేక్షకులు రెండు జట్లయిపోతారు.

ఎడమకంటి సినిమా ఎక్కడం తేలిక. నాయికకు డబ్బున్న భర్త పెళ్లయిన కొద్దికాలానికే పోతాడు. ఆస్తి కోసమే చేసుకుందని అత్తింటివాళ్ల అనుమానం. కారు ప్రమాదం తరవాత ఆమె ఎడమకంటికి దయ్యాలు కనిపించడం మొదలవుతుంది. వాటిలో ఒకటి, చిన్నప్పుడు నీతో చదువుకున్నానంటూ వెంటబడే కెన్ (లావ్ చింగ్-వాన్). నవ్వుల సినిమా అని కూర్చుంటే రెండో సగంలో ఏడిపిస్తోందని కొందరి ఫిర్యాదు. సినిమా బలం అక్కడే ఉందని మిగతావాళ్లంటారు, వాళ్లదే సరైన మాట. చివర్లో ఒక ముడి ఉంది కాబట్టి కథాసారాంశం చదవకుండా చూడాలి.

‘వూ యెన్’ చాంద్రమాన కొత్త సంవత్సరానికి విడుదలైంది, అంటే మన సంక్రాంతి సినిమా లెక్క. కాబట్టి గోల ఎక్కువ, నిడివి రెండు గంటల పైన. ప్రాచీన చైనాలోని ఛీ రాజ్యపు రాజుగా అనీటా మూయి మగవేషం కట్టింది. వీరనారి వూ యెన్ సామీ చెంగ్. నక్క మాయతో ఆమె ముఖం మీద ఎర్రమచ్చ పడుతుంది. ఆ నక్క సిసీలియా చుంగ్: వూ యెన్ దగ్గరికి మగవాడై వస్తుంది, రాజు దగ్గరికి ఆడదై వెళ్తుంది. రాజు ప్రతిసారీ మోసం చేస్తాడు, ఆమె ప్రతిసారీ క్షమిస్తుంది, చూసేవాళ్లకు విసుగు. ఆ విసుగు పోవాలంటే చైనావాళ్ల సామెత ఒకటి తెలిసుండాలి: కష్టమొస్తే వూ యెన్, కష్టం లేకపోతే యింగ్‌చున్ (రాజు మోజుపడ్డ అందగత్తె). మన ‘ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న’ ఇదే. సినిమా మొత్తం ఆ సామెత మీదే నడుస్తుంది. యుద్ధం వస్తే ఆమె కాళ్ల దగ్గర, గెలిస్తే నక్క పక్కన.

అయితే ఏది నచ్చుతుందన్నది కథ కంటే ఆడియో ట్రాక్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. కాంటనీస్‌లో చమత్కారం వాక్యం తోకలో ఉంటుంది. ‘వో’ అంటే మన ‘అట’. ‘లో’ అంటే ‘కదా మరి’. ‘జే’ అంటే ‘అంతేలే’. సబ్‌టైటిల్‌లో ఇవేవీ రావు, చెవికే అందాలి. అనీటా మూయిది స్వతహాగా లోతైన బొంగురు గొంతు. పిరికి రాజు గునుస్తూ ఆ తోకను సాగదీసినప్పుడు మాట అర్థం కాకపోయినా నవ్వొస్తుంది. చైనా అధికార భాష మాండరిన్ డబ్బింగ్‌లో ఆ గొంతు పోతుంది, పాత్రలో సగం దానితోపాటే పోతుంది. ‘వూ యెన్ బాగోలేదు’ అన్నవాళ్లను ముందు ఏ ట్రాక్‌లో చూశారని అడగాలి. మెనూలో ‘చైనీస్’ అని మాత్రమే ఉంటే రెండు నిమిషాలు వినండి. ‘అవును’ అనేచోట ‘హాయ్’, ‘కాదు’కు ముందు పెదాలు మూసిన ‘మ్’ వినిపిస్తే కాంటనీస్. ‘షి’, ‘బు’ వినిపిస్తే మాండరిన్, మార్చేయండి. ఎడమకంటి సినిమాకు డబ్బింగ్ దెబ్బ కాస్త తక్కువ, ఎందుకంటే లావ్ చింగ్-వాన్ సగం నటన ఒంటితోనే చేస్తాడు.

1995లో రెండు భాగాలుగా వచ్చిన ‘ఎ చైనీస్ ఒడిస్సీ’ సంగతీ అడుగుతుంటారు. అది మూడోది. చైనా పురాణగాథ ‘జర్నీ టు ద వెస్ట్’లోని కోతిరాజు కథ ముందే తెలిస్తే తప్ప మొదటి గంట గందరగోళం. కానీ మొదటి భాగం చివర్లో హీరో స్టీఫెన్ చౌ వెన్నెల్లో మాయపెట్టె ఎత్తి ‘బోయే బోలోమత్’ అని అరిచి కాలంలో వెనక్కి వెళ్తాడు. ప్రియురాలిని కాపాడాలి, ప్రతిసారీ కొద్దిలో ఆలస్యమవుతాడు. ఆ మంత్రం మన బౌద్ధుల సంస్కృత మాట ‘ప్రజ్ఞాపారమిత’యే. ఈ ఒక్క సినిమాకు మాండరిన్ ట్రాక్ కూడా పరవాలేదు. చౌకు షీ బాన్‌యూ చెప్పిన డబ్బింగ్ గొంతే చైనాలో చాలామందికి అసలు గొంతు.

‘ఎ చైనీస్ గోస్ట్ స్టోరీ’ (1987) మంచి సినిమా. నవ్వులు తక్కువ, ఈ జాబితాలోది కాదు.

ఒక్క సాయంత్రమే ఉంటే, పక్కన హాంకాంగ్ సినిమా అలవాటు లేనివాళ్లుంటే, ఎడమకంటి దయ్యాలు పెట్టండి. ఒంటరిగా చూసేటట్టయితే సామెత గుర్తుంచుకుని, కాంటనీస్ ట్రాక్ సరిచూసుకుని ‘వూ యెన్’.