సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్, ఎనిమిది నెలలు విన్నాక

చెన్నైలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 16 వేలకి తీసుకున్నా, తిరుపతి నుంచి పొద్దున బస్సుకి పోయి, కూర్చుని విని, సాయంత్రానికి తెచ్చేసుకున్నా. 1997లో వచ్చిన మోడల్ ఇది, ఇంకా అమ్ముడుపోతానే ఉంది.

ముందు గొంతు సంగతి చెప్తా, నేను కొన్నదే అందుకు. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారి కీర్తనలు వింటా పెరిగిన ఇల్లు మాది. ఆయన పల్లవి ఎత్తుకునే ముందు పీల్చే ఊపిరి దీంట్లో వినపడింది నాకు, ఇన్నేళ్ళలో మొదటిసారి. వెనకాల తంబురా కూడా ఒకటే మోతలాగా కాకుండా తీగ తర్వాత తీగ విడివిడిగా తెలుస్తుంది. బేస్ మాత్రం బాగా కిందికి పోయేకొద్దీ పల్చబడుతుంది, ఇప్పటి మాస్ పాటలకోసం అయితే ఇది వద్దు.

ఇది ఓపెన్ బ్యాక్, అంటే పాట బయటికి పోతుంది, బయట చప్పుడు లోపలికొస్తుంది. మే నెలలో మన ఊళ్ళో ఫ్యాన్ లేకుండా ఎట్ల కూర్చుంటాం చెప్పండి, ఫ్యాన్ వేస్తే తంబురా మీదంతా ఆ గాలి మోతే, పైగా వెల్వెట్ ప్యాడ్లు చెమటకి తడిసిపోతాయి. అందుకే తెల్లారి 5 గంటలకి ఫ్యాన్ ఆపేసి అరగంట వింటా, అప్పుడు దీనికి సాటి లేదు.

ఇంక దీని ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, 300 ఓమ్స్ కాబట్టి ఫోన్‌కి నేరుగా పెడితే వాల్యూమ్ మొత్తం పెంచినా నీరసంగానే ఉంటుంది, సిగ్నల్‌ని పెంచే ఆంప్ (ఆంప్లిఫయర్) కావాలి. నేను దారి తప్పింది ఇక్కడే. 5 వేల చిన్న ఆంప్ సరిపోయేది, దాని మీద 22 వేల డాక్ (డిజిటల్ పాటని హెడ్‌ఫోన్‌లో మోగే సిగ్నల్‌గా మార్చే పెట్టె), తర్వాత వేరే కేబుల్, ఇవన్నీ మార్చి మార్చి ఒకే కీర్తనలో అదే 20 సెకండ్లు రెండు నెలలు విన్నా. మా అమ్మ వంటింట్లోంచి "ఏందిరా నాయనా, చరణం రానీవా ఎప్పటికీ?" అనింది. ఆ మాట గట్టిగా తగిలింది నాకు. ఆ ఆదివారమే తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఒకసారి ఒట్టి చిన్న ఆంప్‌తో, ఒకసారి డాక్, కొత్త కేబుల్‌తో, నాకు కనపడకుండా మార్పించా, రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టి, ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. మోగేది ఏదో 20 సార్లకి 11 సార్లు కరెక్టుగా చెప్పా, కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. డాక్, కేబుల్ రెండూ అమ్మేశా.

హెడ్‌ఫోన్ మాత్రం అమ్మను. అమ్మకి పెడితే మొదట్లో తల పట్టేసినట్టుంది అనింది, నిజమే, కొత్తలో బిగుతుగానే ఉంటుంది, కానీ తీయకుండా ఐదు కీర్తనలు వినింది, పొయ్యి మీద పాలు నేనే దించా.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు పైన హెడ్‌బ్యాండ్‌లో పగులు ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి, కేబుల్ గుచ్చే చోట మెల్లగా కదిపి రెండువైపులా పాట ఆగకుండా వస్తుందా చూసుకోండి. ప్యాడ్లు అణిగిపోయుంటే రేటు తగ్గించమనండి, కొత్తవి విడిగా దొరుకుతాయి.