సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ మీద డెబియన్: రెండు వెర్షన్లు వాడాక

ఆఫీసులో నాకు విండోస్, దాని మీద ట్యాలీ. జీతం అక్కడిది. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఓ గంట కుస్తీ పట్టడం నా సరదా. ఆ గంట కోసమే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌కు వెళ్లి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ తెచ్చుకున్నాను. ఇంటెల్ 7వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్. ఆ ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు కాబట్టి బేరం తొందరగానే తెగింది. 2023 జూన్‌లో విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్ సిస్టమ్ డెబియన్ 12 రాగానే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో ఎక్కించాను. ఇప్పుడు అందులో నడుస్తున్నది డెబియన్ 13.

"డెబియనా? అంతా పాత సరుకే కదన్నా" అన్నాడు అమీర్‌పేటలో కోర్సు చేసొచ్చిన మా కొలీగ్. నిజమే. ఒక స్టేబుల్ వెర్షన్ వచ్చాక దాదాపు రెండేళ్లపాటు అందులో సెక్యూరిటీ ప్యాచ్‌లు, పెద్ద తప్పులకు సవరణలు తప్ప కొత్త హంగులేవీ రావు. రోజుకు గంట మాత్రమే దొరికేవాడికి అదే కావాలి. నిన్న ఎక్కడ ఆపానో ఇవాళ అక్కడే మొదలుపెడతాను. మెనూ జాగా మారదు, అప్‌డేట్ అవుతోంది ఆగమని స్క్రీన్ నన్ను కూర్చోబెట్టదు. వైఫై పనిచేయడానికి కావలసిన ఫర్మ్‌వేర్ ఫైళ్లను వేరే పెన్‌డ్రైవ్‌లో వెతికి తెచ్చుకునే తిప్పలు కూడా 12తోనే చాలావరకు తీరాయి, అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఇచ్చేస్తున్నారు.

కొత్తవాళ్లకు మొదటి దెబ్బ పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్ దగ్గర తగులుతుంది. ఏ పైథాన్ ప్యాకేజీ నేరుగా ఎక్కిద్దామన్నా, ఇది సిస్టమ్ చేతిలో ఉంది, నువ్వు ముట్టుకోకు అని ఎర్రర్ ఇస్తుంది. విసుగ్గా ఉంటుంది గానీ మంచికే. డెస్క్‌టాప్‌లో కొన్ని పనులు ఆ పైథాన్ మీదే నడుస్తాయి, దాన్ని చెడగొట్టుకుంటే గంట కాదు, ఆదివారం మొత్తం పోతుంది. ప్రతి ప్రాజెక్టుకు ఒక వీఎన్వ్, అంటే దాని ప్యాకేజీలకు విడి ఫోల్డర్, పెట్టుకోవడం అలవాటైతే ఆ గొడవే లేదు. ఎండాకాలం కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, లాప్‌టాప్ ఆగదు. పైథాన్ డాక్యుమెంటేషన్ మొత్తం ఒక ప్యాకేజీగా దొరుకుతుంది కాబట్టి నెట్ లేకపోయినా పని సాగుతుంది.

అసలు సంగతి తెలుగు. నేను రాస్తున్నది పద్యంలో గురువులు, లఘువులు గుర్తించి గణాలు విడగొట్టే చిన్న ప్రోగ్రామ్. రిటైరైన తెలుగు పండితుడు మా బాబాయి దానికి పరీక్షాధికారి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలుండాలి. పైథాన్‌ను నేరుగా లెక్కపెట్టమంటే ఆ సంఖ్య ఎక్కడికో పోతుంది. ‘స్త్రీ’ అని ఇస్తే ఆరు అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. "ఒక్క అక్షరంరా అది, ఆరెక్కడివి?" అని బాబాయి నవ్వాడు. కంప్యూటర్లో అన్ని లిపులకూ ప్రమాణమైన యూనికోడ్ నియమాల్లో కూడా తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలన్నది 2023లో 15.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు లెక్కలో అది మూడు ముక్కలు. నేను ఏ లైబ్రరీనీ నమ్ముకోకుండా సొంతంగా రాసుకున్నాను: పొల్లు తర్వాత హల్లు వస్తే కలిపెయ్, మధ్యలో అక్షరాలను కలవనివ్వని, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తు ఉంటే కలపకు. రెండో ముక్కకే ఎక్కువ టైం పట్టింది, ఎందుకంటే అది తెర మీద కనపడదు.

టైపింగ్‌కు ఢోకా లేదు. ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ రెండూ దొరుకుతాయి. ఇన్‌స్క్రిప్ట్ విండోస్‌లో ఎలా ఉంటుందో ఇక్కడా అంతే. ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ కొడితే ‘స్త్రీ’ వచ్చేస్తుంది, వేళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. ఫైర్‌ఫాక్స్‌లో, మామూలు ఎడిటర్‌లో ఒత్తులు చక్కగా పడతాయి. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో మాత్రం పరువు పోతుంది. దానికి ప్రతి అక్షరమూ గళ్ల నోట్‌బుక్కులో అంకెలా ఒక గడిలో కూర్చోవాలి, మన ఒత్తులు అలా కూర్చోవు. అందుకే నా ప్రోగ్రామ్ ఫలితాన్ని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాసి బ్రౌజర్‌లో చూస్తాను.

ప్రోగ్రామ్ ఫైళ్లలో మార్పులను గుర్తుపెట్టుకునే గిట్ వ్యవహారం ఇంకో రకం. ఫైలుకు ‘పద్యాలు’ అని పేరు పెడితే స్టేటస్‌లో 340, 260, 252 అంటూ అంకెల దండకం కనపడుతుంది. పేరేమీ చెడిపోలేదు, కంప్యూటర్ ఆ పేరును దాచుకునే యూటీఎఫ్-8 బైట్లను ఆక్టల్ (ఎనిమిది ఆధారం) అంకెల్లో చూపిస్తోందంతే. కోర్ కోట్‌పాత్ అనే సెట్టింగును ఫాల్స్ చేస్తే తెలుగు పేరే కనపడుతుంది.

మెనూలు తెలుగులో పెట్టుకునే వీలున్నా నేను ఇంగ్లీషులోనే ఉంచాను. ఎర్రర్ తెలుగులో వస్తే నెట్‌లో దాన్ని ఏమని వెతకాలి?

2025 ఆగస్టులో 13 వచ్చింది. అప్‌గ్రేడ్ టెన్షన్ పెట్టలేదు, రాత్రి మొదలుపెడితే పడుకునేలోపు అయిపోయింది. పైథాన్ 3.11 నుంచి 3.13కి మారడంతో పాత వీఎన్వ్‌లన్నీ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ప్యాకేజీల జాబితా ఫైలు ఉంది కాబట్టి అది చిన్న పనే. ఇంకో మార్పు తెలుసుకుని ఉండాలి: తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ ఇప్పుడు డిస్క్ మీద కాదు, ర్యామ్‌లో ఉంటుంది. రీబూట్ చేస్తే అందులోవి మాయం. 8 జీబీ మెషీన్‌లో పెద్ద ఫైళ్లు అక్కడ పడేస్తే మెమరీ కూడా తింటుంది. నాకది నచ్చక మళ్లీ డిస్క్ మీదికే మార్చుకున్నాను, ఒక్క కమాండు పని.

ఇంట్లోవాళ్ల వైపు నుంచి చూస్తే కథ ఇంత సాఫీగా లేదు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సర్క్యులర్లు వర్డ్‌లో, విండోస్ వాళ్ల గౌతమి ఫాంటుతో వస్తాయి. ఆ ఫాంటు డెబియన్‌లో ఉండదు. వర్డ్‌కు బదులు వాడే లిబ్రాఫీసు ఇంకో తెలుగు ఫాంటు తగిలించేసరికి ఒక పేజీ నోటీసు రెండో పేజీలోకి జారి, సెక్రటరీ సంతకం ఒంటరిగా మిగులుతుంది. ఇప్పుడు పీడీఎఫ్ పంపమని అడుగుతున్నాం. తెలుగు స్పెల్‌చెక్ కూడా ఉందన్నమాటే గానీ విభక్తి తగిలిన ప్రతి మాట కిందా ఎర్రగీత గీస్తుంది. నేనైతే ఆపేశాను.

మా పాత లేజర్ ప్రింటర్ అసలు దారికి రాలేదు. దాని కంపెనీ పేరెందుకు గానీ, కంప్యూటర్‌తో తనదైన భాషలో తప్ప మాట్లాడని రకం. "ఏవండీ, పిల్లాడి హాల్‌టికెట్ ప్రింటు కావాలి" అని మా ఆవిడ అడిగితే, ఫోన్‌లోంచి వీధి చివర జిరాక్స్ షాపుకు వాట్సాప్ చేయడమే. మీరు కొత్తది కొంటుంటే ఎయిర్‌ప్రింట్ లేదా ఐపీపీ ఎవ్రీవేర్ అనే సదుపాయం ఉందేమో చూసి కొనండి. అలాంటివాటిని డెబియన్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ మామూలుగా డ్రైవర్ అడక్కుండానే గుర్తుపడుతుంది.